జవాబు దాచండి, పద్ధతి చెప్పండి: ప్రాథమిక బడిలో పిల్లల పరిశోధనలు

ప్రాథమిక తరగతుల్లో ప్రయోగం సాధారణంగా ఇలా సాగుతుంది. టీచరు బల్ల మీద సామాను పెడతారు. ఏం జరగబోతోందో ముందే చెప్పి, చేసి చూపిస్తారు. పిల్లలు ‘పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ’ అని నాలుగు శీర్షికలు రాసి బోర్డు మీది మాటలు దించుకుంటారు. ఎవరి నోటుపుస్తకం చూసినా ఒకటే వాక్యం, ఒకటే బొమ్మ. ఏ ఒక్కరికీ ఫలితం తేడాగా రాలేదంటే ఆ గదిలో ప్రయోగమే జరగలేదన్నమాట. ముప్పై మంది పిల్లలు నిజంగా కొలిస్తే ముప్పై అంకెలు అచ్చుగుద్దినట్టు రావు.

పుస్తకాలను తప్పుపట్టడానికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటి విద్యా ప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’, ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలన’ విద్యా ప్రమాణాలుగానే ఉన్నాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే చదువు సాగుతుండగా మధ్యమధ్యలో చేసే మదింపులో, ప్రాజెక్టు పనులకు విడిగా మార్కులూ ఇచ్చారు. ఆచరణకు వచ్చేసరికి ప్రాజెక్టు అంటే చార్టు అయింది. చార్టు అంటే ముందు రోజు రాత్రి అమ్మానాన్నలకు పడే పని.

దీనికి విరుగుడుగా ‘పిల్లలను వదిలేయండి, వాళ్ళే కనుక్కుంటారు’ అనేవారున్నారు. ఇది ఇంకో కొస. ఒక పోలికలో ఒక్కటే మార్చి తక్కినవన్నీ అలాగే ఉంచాలన్న సంగతి చిన్నపిల్లలకు దానంతట అది తట్టదు. అమెరికాలో జే చెన్, డేవిడ్ క్లార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో వెలువరించిన అధ్యయనం ఇందుకు గట్టి ఆధారం. ఏడేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలకు స్ప్రింగులు, వాలుబల్లలు, నీళ్ళలో మునిగే వస్తువులు ఇచ్చి పోలికలు చేయించారు. ఏ పోలిక చెల్లుతుందో, ఏది చెల్లదో ఉదాహరణలతో నేరుగా చెప్పి, ‘ఎందుకిలా పెట్టావు’ అని కూడా అడిగిన గుంపు బాగా నేర్చుకుంది. చెప్పకుండా ప్రశ్నలు మాత్రమే వేసిన గుంపులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అంటే చెప్పాల్సింది ఉంది, దాచాల్సిందీ ఉంది. పోలిక ఎలా పెట్టాలి, ఎన్నిసార్లు కొలవాలి, ఎలా రాసుకోవాలి అనేవి విప్పి చెప్పాలి. ఏం తేలుతుందన్నది మాత్రం నోరు జారకూడదు. మన తరగతుల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు.

ప్రశ్నను సాన పట్టడం

పిల్లలు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి బడిలో పరిశోధన కుదరదు. ‘వాన ఎందుకు పడుతుంది?’ మంచి ప్రశ్నే, కాని మూడో తరగతి పిల్లలు దాన్ని కొలవలేరు. ‘ఎందుకు’ను ‘ఏది మారిస్తే ఏది మారుతుంది’గానో, ‘ఎన్ని, ఎంతసేపు, ఎంత పొడవు’గానో మలచడమే ఇక్కడ టీచరు పని. ‘ఆకులు ఎందుకు రాలతాయి?’ అని ఒకరడిగితే, ‘మన వేపచెట్టు కింద రోజుకు ఎన్ని రాలుతున్నాయి? గాలి వీచిన రోజు ఎక్కువా?’ అన్నదాకా తీసుకురావచ్చు. చెట్టు కింద తాడుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి వేసి, రోజూ ఒకే వేళకు లెక్కపెట్టి, లెక్కించిన ఆకులను ఊడ్చేస్తే చాలు. ఊడవడం మరిచిపోతే నిన్నటి ఆకులు ఇవాళ్టి లెక్కలో కలుస్తాయి. ఆయమ్మ పొద్దున్నే ఊడ్చేస్తే సున్నా వస్తుంది. రెండూ మామూలుగా జరిగేవే కాబట్టి ముందే ఆమెతో మాట్లాడి పెట్టుకోవాలి.

పనికొచ్చే ప్రశ్నను గుర్తుపట్టడానికి మూడు పరీక్షలు చాలు. మన దగ్గరున్న సామానుతో అవుతుందా? పది రోజుల్లో తేలుతుందా? ఇద్దరు విడివిడిగా లెక్కపెడితే ఒకే అంకె రావడానికి వీలుందా? ‘ఏ పువ్వు అందమైనది?’ మూడో పరీక్షలో పోతుంది. ‘ఏ పువ్వు మీద ఎక్కువ ఈగలు, తేనెటీగలు వాలుతున్నాయి?’ నిలుస్తుంది. ఒక పరిశోధనకు ఆరు పీరియడ్లు ఉంటే రెండు ఈ సానపట్టడానికే పోతాయి. దీన్ని దండగ అనుకుని తొందరపడిన చోటే మిగతా నాలుగూ దండగవుతాయి.

పెసలు, రెండు గ్లాసులు

మూడు, నాలుగు తరగతులకు పెసలంత అనువైన సామాను మరొకటి లేదు. ఒక రాత్రి నానితే చాలు, మర్నాటికో ఆ మరుసటి నాటికో మొలక కనబడుతుంది. ప్రశ్న: మొలకెత్తడానికి వెలుతురు కావాలా? ‘కావాలి’ అని సగానికి పైగా చేతులెత్తుతారు. మొక్కకు ఎండ కావాలని పాఠంలో చదివారు మరి.

మొదటిసారి వాళ్ళ పద్ధతిలోనే పెట్టనివ్వాలి. తడిబట్ట మీద పెసలు పరిచిన డబ్బా మూతలు రెండిట్లో ఒకటి కిటికీలో, ఇంకోటి అలమరాలో పెడతారు. కిటికీలోది ఎండి మొలకలు సరిగా రావు, అలమరాలోది తడిగానే ఉండి బ్రహ్మాండంగా వస్తాయి. ‘చీకటే మంచిది’ అని తీర్పు చెప్పేస్తారు. టీచరు ఆగమని చెప్పాల్సింది ఇక్కడే: ‘రెండింటికీ వెలుతురు ఒక్కటేనా తేడా?’ తడి కూడా మారిందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఎవరూ పట్టుకోకపోతే చెప్పేయాలి. అది పద్ధతికి సంబంధించిన సంగతి, దాచేది కాదు.

రెండోసారి ఇలా పెట్టిస్తే బాగుంటుంది. ఒకే రకం మూతలు రెండు. ఒక్కోదానిలో నాలుగు మడతలు పెట్టిన పాతబట్ట, రెండు టీస్పూన్ల నీళ్ళు, అంటే సుమారు 10 మిల్లీలీటర్లు. ఎనిమిది గంటలు నానిన పెసలు ఇరవై చొప్పున, ఒకదాన్నొకటి తాకకుండా. ఒకదాని మీద గాజుగ్లాసు, రెండోదాని మీద స్టీలు గ్లాసు బోర్లించాలి. రెండూ వరండాలో నీడపట్టున పక్కపక్కనే ఉండాలి. ఎండలో పెడితే గాజుగ్లాసు లోపల వేడెక్కుతుంది, అప్పుడు మళ్ళీ రెండు సంగతులు మారినట్టే. పొద్దున ఒకసారి, ఇంటికెళ్ళే ముందు ఒకసారి గ్లాసులెత్తి లెక్కపెట్టాలి. బట్ట ఆరితే రెండింటికీ సమంగా అర టీస్పూను నీళ్ళు పోయాలి.

‘మొలకెత్తింది’ అంటే ఏమిటో లెక్క మొదలవకముందే ఒప్పందం చేసుకోవాలి. పొట్టు పగిలితే చాలా, తెల్లటి మొలక బయటికి రావాలా? ఈ ఒప్పందం లేకపోతే ఒకే మూతను చూసి ఒకరు 14 అంటారు, ఇంకొకరు 19 అంటారు. గొడవ మొదలయ్యాక నిర్వచనం పెడితే ఎవరి గుంపుకు లాభమో వాళ్ళు అటే లాగుతారు.

చెడిపోయేవి కొన్ని తెలిసినవే. నీళ్ళు ఎక్కువై గింజలు మునిగితే గాలి అందక కుళ్ళి వాసన వస్తుంది. మూడో రోజుకు బూజు కనిపిస్తే ఆ గింజలు తీసేయాలి, తీసినవెన్నో రాయాలి కూడా. ఎంత నానబెట్టినా ఉబ్బని రాతి గింజలు రెండు మూడు ఉంటాయి. నానబెట్టాక వాటిని ఏరేసి ఇరవై లెక్కపెట్టాలి. శుక్రవారమో శనివారమో మొదలెట్టకూడదు, ఆదివారం లెక్క పోతుంది. ఇక ప్రతి తరగతిలోనూ ఒకరు ఇంటినుంచి పెసరపప్పు తెస్తారు. అది మొలకెత్తదు. దాన్ని పారేయించకుండా మూడో మూతలో పెట్టించడం మేలు. పప్పుబద్దకూ పూర్తి గింజకూ తేడా ఏమిటో భూతద్దంతో వెతుక్కుంటూ పోయి, బద్దలు విడిపోయేటప్పుడు ఊడిపోయిన చిన్న మొలకముక్క దగ్గరికి వాళ్ళే చేరతారు.

ఇప్పుడు అసలు చిక్కు. గాజుగ్లాసు కింద 17, స్టీలు గ్లాసు కింద 18 వచ్చాయనుకుందాం. ‘స్టీలు గెలిచింది!’ అంటారు. పిల్లల బుర్రలో ఇది క్రికెట్ స్కోరు. ఒక్క పరుగు తేడా అయినా గెలుపే. దీన్ని మాటలతో విడగొట్టలేం. ముందే ఒక గుంపుతో రెండు మూతలూ గాజుగ్లాసుల కిందే పెట్టించి ఉంచాలి. ఏమీ మార్చని ఆ జంటలో కూడా ఒకదానికి 16, ఇంకోదానికి 19 రావచ్చు. ఏ తేడా లేని చోటే మూడు గింజల తేడా వస్తుంటే, ఒక గింజ తేడాకు అర్థమేమిటి? ఈ జంట మూతల ఏర్పాటు ఏ ఖర్చూ లేనిది, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఆరు గుంపుల లెక్కలు కలిపితే ఒక్కో వైపు 120 గింజలవుతాయి. అప్పుడు రెండు వైపులా దాదాపు సమానమని బోర్డు మీది అంకెలే చెబుతాయి.

కథ అక్కడితో అయిపోదు. ఐదో రోజుకు స్టీలు గ్లాసు కింది మొలకలు పొడవుగా, సన్నగా, పాలిపోయి పసుప్పచ్చగా ఉంటాయి. గాజుగ్లాసు కిందివి పొట్టిగా, పచ్చగా ఉంటాయి. స్కేలు పెట్టి కొలిచిన గుంపు ‘చీకట్లో బాగా పెరిగాయి’ అంటుంది. రంగు చూసిన గుంపు ‘వెలుతుర్లో బాగా పెరిగాయి’ అంటుంది. ఇద్దరి కొలతలూ నిజమే. ‘బాగా’ అన్న మాటే తేల్చుకోలేదు. ఏం కొలుస్తామన్నదాన్ని బట్టి జవాబు మారుతుందని ఇంతకంటే తేటగా చూపించే సందర్భం ప్రాథమిక తరగతుల్లో దొరకడం కష్టం. కాబట్టి ఇక్కడ టీచరు చేయాల్సింది తీర్పు కాదు, ఇంకో ప్రశ్న: ఇవాళ నుంచి రెండు గ్లాసులూ తీసేస్తే ఏమవుతుంది?

దారం, నట్టు, గడియారం

ఐదో తరగతికి ఊయల ప్రశ్న బాగా నప్పుతుంది. ‘బరువైనవాళ్ళు కూర్చుంటే ఊయల మెల్లగా ఊగుతుందా?’ సైకిల్ షాపులో దొరికే నట్లు, సాగని నైలాన్ దారం, బల్ల అంచున టేపుతో అంటించిన పెన్సిలు, సెకన్లు చూపించే గడియారమో ఫోనో ఉంటే సరిపోతుంది. దారం పొడవును ముడి నుంచి నట్టు మధ్య వరకు కొలవాలి.

ఒక్క ఊపును కొలవబోతే చేతిలోని ఆలస్యమే ఫలితాన్ని మింగేస్తుంది. పది ఊపుల కాలం కొలవాలి. 25 సెంటీమీటర్ల దారానికి పది ఊపులకు 10 సెకన్లు, 50 సెంటీమీటర్లకు 14, మీటరుకు 20 సెకన్ల చుట్టుపక్కల వస్తుంది. ఈ అంకెలు టీచరు దగ్గర ఉండాలి, బోర్డు మీద కాదు. ఒక గుంపుకు పదే పదే 9 వస్తుంటే వాళ్ళు నట్టు వదలగానే ‘ఒకటి’ అంటున్నారన్నమాట. వదిలేటప్పుడు ‘సున్నా’ అనాలి, తిరిగి వచ్చినప్పుడు ‘ఒకటి’. ప్రతిదీ మూడుసార్లు కొలిచి మధ్య విలువ తీసుకోవడం మేలు. సగటు కోసం భాగహారంలో పడితే ఆ పీరియడు లెక్కల క్లాసై కూర్చుంటుంది.

బరువు మార్చేటప్పుడు జరిగే పొరపాటు మహా చిత్రమైనది. రెండో నట్టును మొదటిదాని కింద ముడివేస్తారు, మూడోదాన్ని దాని కింద. మధ్యలో ఐదేసి సెంటీమీటర్ల దారం ఉంటే 10 సెకన్లు కాస్తా 11 అవుతుంది. ‘బరువు పెరిగింది, మెల్లగా ఊగింది, మేం అన్నదే నిజం’ అని సంబరపడతారు. నిజానికి పెరిగింది బరువొక్కటే కాదు. మొత్తం బరువు కేంద్రం కిందికి జారి, ఊయల పొడవు కూడా పెరిగింది. నట్లన్నీ ఒకే ముడి దగ్గర గుత్తిగా కట్టించి మళ్ళీ కొలిపిస్తే ఆ తేడా మాయమవుతుంది. తమ ఊహే నిజమైందనిపించిన ఫలితాన్నే ముందు అనుమానించాలన్న అలవాటు ఇలాంటి చోటే పడుతుంది. కావాలనే టీచరు ఈ పొరపాటును మొదటి రోజు చూసీ చూడనట్టు వదిలేయవచ్చు.

దారాన్ని ఎంత దూరం లాగి వదిలారన్నదీ చూసుకోవాలి. కొద్దిగా లాగినంతవరకు పెద్ద తేడా ఉండదు. దాదాపు అడ్డంగా ఎత్తి వదిలితే కాలం స్పష్టంగా పెరుగుతుంది. బల్ల పక్కన అట్టముక్క నిలబెట్టి, ప్రతిసారీ అక్కడి వరకే లాగాలని గీత గీయిస్తే చాలు.

రబ్బరు పక్కన పెట్టాలి

ఊహను పనికి ముందే పెన్నుతో రాయించాలి, కారణంతో సహా. లేకపోతే ఫలితం చూశాక ఊహను చెరిపి ‘సరైనది’ రాసేస్తారు. అబద్ధమాడాలని కాదు. ఎర్ర ఇంకు ‘తప్పు’ గుర్తుకు ఏళ్ళుగా అలవాటుపడ్డ చేతులవి. నోటుపుస్తకంలో కుడిపేజీ కొలతలకు, ఎడమపేజీ ‘ఇలా అయింది, ఎందుకో’ అనే సంగతులకు ఉంచితే బాగుంటుంది: గ్లాసు పడిపోయింది, పిల్లి మూత తిప్పేసింది, ఎవరో నీళ్ళు రెండుసార్లు పోశారు. మార్కులు వేసేటప్పుడు ఎడమపేజీనే ముందు చూడాలి. అక్కడ ఏమీ లేదంటే కుడిపేజీ అంకెలు ఇంట్లో కూర్చుని అల్లినవి కావచ్చు.

గుంపుకు నలుగురు చాలు. ఒకరు సామాను చూస్తారు, ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు. నాలుగోవారి పని అనుమానించడం: ‘నీళ్ళు సమంగా పోశామా? సున్నా నుంచే లెక్కపెట్టామా?’ వంతులు రోజూ మారాలి. లేకపోతే అక్షరాలు గుండ్రంగా రాసే అమ్మాయే ఏడాదంతా గుమాస్తా అవుతుంది, మగపిల్లలు నట్లు ఊపుతుంటారు. ఏకోపాధ్యాయ బడిలో మూడు తరగతులూ ఒకే గదిలో ఉన్నా ఇబ్బంది లేదు. అవే పెసలను మూడో తరగతి లెక్కిస్తుంది, నాలుగు పొడవు కొలుస్తుంది, ఐదు గళ్ళకాగితం మీద గీస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడులతో మొదలై 2002 దాకా సాగిన విజ్ఞాన బోధన కార్యక్రమం మాధ్యమిక తరగతుల్లో ఇలాంటి పనే చేసింది. ఖర్చు తక్కువ కిట్లతో పిల్లలే ప్రయోగాలు చేసేవారు. పరీక్షలోనూ పుస్తకం తెరిచి చూసుకోనిచ్చేవారు, ప్రయోగం చేయించేవారు. పరీక్ష మారకపోతే తరగతి మారదన్న ఎరుక వాళ్ళకుంది. మన ప్రాజెక్టు మార్కుల విషయంలో కరువైంది అదే. చార్టు అందానికి వేసే మార్కులను తీసి, ‘మళ్ళీ ఎన్నిసార్లు చేశావు? రెండు అంకెలు కలవనప్పుడు ఏం చేశావు?’ అనే రెండు ప్రశ్నలకు వేస్తే దుకాణంలో చార్టు కొనే అవసరమే ఉండదు.

పన్నెండు గంటలకు నీడ

కొలతకు ఎంతవరకు నమ్మకం ఉంచాలో నేర్పడానికి నీడ మంచి సామాను. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని ముందే గట్టిగా చెప్పాలి. ఇసుక నింపిన బకెట్‌లో కర్రను నిలబెట్టి, ఇసుక పైన సరిగ్గా 50 సెంటీమీటర్లు ఉండేలా చూడాలి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. నీడ పడే చోట ఇసుక ఎత్తులోనే ఒక చదునైన పలకను కదలకుండా అమర్చి, పదినిమిషాలకోసారి నీడ కొసను పెన్సిలుతో గుర్తుపెట్టాలి. ప్రశ్న: నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండేది ఎన్ని గంటలకు?

అందరూ ‘పన్నెండుకి’ అంటారు. టీచర్లు కూడా. హైదరాబాద్‌లో ఫిబ్రవరి రెండోవారంలో అది దాదాపు 12:30. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ గీత కాకినాడ దగ్గరగా పోతుంది, హైదరాబాద్ దానికి పడమర ఉంది కనుక సూర్యుడు 16 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తి గీతను దాటుతాడు. దీని మీద భూమి గమనం వల్ల ఏడాదిలో వచ్చే హెచ్చుతగ్గులు చేరతాయి. ఇదంతా పిల్లలకు చెప్పనక్కరలేదు. పన్నెండు కాలేదన్న ఆశ్చర్యం వాళ్ళకు మిగిలితే చాలు.

ఇక్కడ చిక్కు నీడ కొస దగ్గరుంది. సూర్యుడు చుక్క కాదు, బిళ్ళ. అందువల్ల కొస అర సెంటీమీటరు మేర మసగ్గా ఉంటుంది. ఫిబ్రవరిలో 50 సెంటీమీటర్ల కర్రకు మిట్టమధ్యాహ్నపు నీడ సుమారు 30 సెంటీమీటర్లు. అటూ ఇటూ 15 నిమిషాల్లో అది పెరిగేది మూడు మిల్లీమీటర్లు కూడా కాదు. అరగంటకైతే సెంటీమీటరు. కాబట్టి ‘12:28కి’ అని రాసిన గుంపును మెచ్చుకోకూడదు. ‘12:15కీ 12:45కీ మధ్య’ అని రాసినవారిది నిజమైన ఫలితం. మసక కొసలో ఎక్కడ గుర్తు పెట్టాలో, చీకటి అంచునా మసక అంచునా, అది కూడా పెసల మొలకలాగే ముందు ఒప్పందం చేసుకోవాల్సిందే.

జూన్‌లో బడి తెరిచాక, మబ్బు విడిచిన రోజు ఇదే కర్ర పెడితే మరో వింత. హైదరాబాద్‌లో మే రెండోవారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మిగతా ఏడాదంతా ఉత్తరానికే. జూన్ 21 ప్రాంతంలో 50 సెంటీమీటర్ల కర్రకు దక్షిణపు నీడ ఐదు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ.

వీలుంటే ఇదే పనిని రెండు ఊళ్ళ బడులు ఒకే రోజు చేసి ఫోనులో అంకెలు చెప్పుకోవచ్చు. ఫిబ్రవరి రెండోవారంలో హైదరాబాద్‌కు 12:30 అయితే విశాఖపట్నానికి దాదాపు 12:10. ఇరవై నిమిషాల తేడా కనుక మసక కొసలున్నా రెండు బడుల గుర్తులు విడివిడిగా తెలిసే అవకాశం ఉంది. అందుకు రెండు చోట్లా కనీసం మూడు రోజులు కొలవాలి, 11:30 నుంచి 1:15 వరకు ఒక్క గుర్తూ తప్పకూడదు. మధ్యాహ్న భోజనం బెల్లు సరిగ్గా అప్పుడే కొడతారు కాబట్టి ఇద్దరిద్దరు వంతులవారీగా తిని రావాలి.